పాతసామానుల సంతలో యుద్ధపతకము

హైదరాబాదున పురానాపూలు సమీపమున ప్రతి గురువారమునాడు ఒక సంత సాగును. ఉరుదూలో గురువారమును జుమ్మేరాత్ అందురు గనుక దానికి జుమ్మేరాత్ బజారని పేరు. చెవి లేని తాళములు, తాళము లేని చెవులు, రెక్క విరిగిన పంకాలు, ముల్లు లేని గడియారములు, ఎవరి పెండ్లికో పేరు చెక్కించి పెట్టిన ఇత్తడి బిందెలు, అన్నియు నేలమీద గోనెపట్టాలపై పరచి యుండును. పాత రేడియో పెట్టెల కొరకు మేమును అప్పుడప్పుడు అచ్చటికి పోవుచుందుము. రేడియోలో పనిచేయువారికి ఈ బలహీనత ఉండుటలో వింతయేమియు లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్లు పోయినపుడు, ఒక వ్యాపారి ముందరి రేకుపెట్టెలో పాత రూపాయిలతోను, అరిగిన మెట్టెలతోను కలిసి ఒక వెండిబిళ్ళ కనబడినది. రూపాయికంటె పెద్దది. తగిలించుకొనుటకు పైన ఒక అడ్డకమ్మి ఉన్నది. ఒక ప్రక్క అయిదవ జార్జి చక్రవర్తి శిరస్సు. రెండవ ప్రక్క గుఱ్ఱమెక్కిన దిగంబర వీరుడు, గుఱ్ఱపు గిట్టల క్రింద ఒక డాలు, ఒక పుఱ్ఱె. 1914, 1918 అను అంకెలు. వెల యెంతయని అడిగితిమి. వ్యాపారి దానిని మా చేతికీయక, చిన్న త్రాసులో వేసి చూచి, "మూడు తులాలకు జర అటూఇటూ ఉంది సార్. వెండి రేటు కట్టియ్యండి, పైన నూరు రూపాయలిస్తే చాలు" అనెను.

ఆనాడు జేబులో చాలినంత పైకము లేదు. ఫోను చూపి పైకము చెల్లించు రోజులింకను రాలేదు. విధులు ముగించుకొని సాయంకాలము మరల పోవుసరికి బిళ్ళ లేదు. "కరగబోసేటాయన వచ్చిండు సార్, డబ్బల ఉన్న వెండి అంతా కలిపి తీస్కపోయిండు" అని వ్యాపారి చెప్పెను. మేము దాని అంచును చదివియైన యుండలేదు. ఆ సంగతి నేటికిని మమ్ము బాధించుచున్నది. మూడు తులముల వెండికి ఇంత బాధ యెందులకని శ్రోతలు కొందరడుగవచ్చును. దానికి సమాధానము చెప్పుటకే ఈ ప్రసంగమును తలపెట్టితిమి.

మేము పోగొట్టుకొన్న దానిని బ్రిటిషు యుద్ధపతకమందురు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1919లో దీనిని ఏర్పరచిరి. అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు. అన్ని దేశములవారికిని కలిపి సుమారు 65 లక్షల పతకములు పంచిపెట్టిరి. ఇన్ని లక్షలుగా తయారైన వస్తువు అపురూపమెట్లగునన్న శంక సహజమే. నాణెములవలె అన్నియు ఒక్క తీరుననే ఉన్నచో ఆ శంకకు సమాధానము లేకపోయెడిది. కాని ఈ పతకమును వ్రేళ్ళ నడుమ నిలువుగా పట్టుకొని, దాని అంచును, అనగా బిళ్ళ మందమును, వెలుతురులో మెల్లగా త్రిప్పి చూడవలెను. అచ్చట సన్నని ఆంగ్లాక్షరములు అద్దబడి యుండును. మొదట ఒక సంఖ్య, పిదప హోదా, పిదప మనుష్యుని పేరు, తుదకు అతని పటాలము. పతకపు రెండు ముఖములు చక్రవర్తికిని శిల్పికిని చెందినవి. అంచు మాత్రము సిపాయిది.

ఆ యుద్ధమునకు మన దేశమునుండి పోయినవారు 13 లక్షలకు పైబడి యుందురు. వారిలో 74 వేలమందికి పైగా మరణించిరి. ఇంతమందికిని రాతిమీద పేర్లున్నవా? ఫ్రాన్సులో న్యూ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకముమీద 4,700మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కబడినవి. కాని మనవారు అధికసంఖ్యలో పోయినది ఫ్రాన్సునకు కాదు, మెసపటేమియాకు, అనగా నేటి ఇరాకునకు. అక్కడ బస్రాలో 1929లో కట్టిన స్మారకముమీద తెల్ల సిపాయి పేరు ఉన్నది. మన అధికారి పేరు ఉన్నది. మన సిపాయి పేరు లేదు. ఫలానా పటాలము, ఇంతమంది అని లెక్క మాత్రము వ్రాసిరి. ఢిల్లీలో 1931లో ఆవిష్కరింపబడిన ఇండియా గేటు 70 వేలమంది స్మృత్యర్థము కట్టినదే యైనను దానిపై గల పేర్లు 13 వేల పైచిల్లర. కామన్వెల్తు యుద్ధసమాధుల కమిషనువారే 2021లో ఒక నివేదిక ప్రకటించి, 45 వేలనుండి 54 వేలమంది వరకు మృతులకు తక్కినవారితో సమానమైన స్మరణ లభింపలేదని ఒప్పుకొనిరి. వారిలో అధికసంఖ్యాకులు భారతదేశము, తూర్పు పడమటి ఆఫ్రికాలు, ఈజిప్టు, సొమాలియాలకు చెందినవారు.

మరణించిన సిపాయి పతకమును అతని ఇంటివారికి పంపుచుండిరి. కనుక బస్రా గోడమీద అంకెగా మాత్రమే మిగిలిన మనుష్యుని పేరు, ఎక్కడనో ఒక పల్లెటూరి పెట్టెలో ఒక వెండి అంచుమీద నిలిచి యుండవచ్చును. ఆ వెండి మూసలోనికి పోయిన నాడు ఆ పేరును పోవును. మేము త్రాసులో చూచినది అట్టివానిదో, క్షేమముగా ఇల్లు చేరి ముసలితనమున కన్నుమూసినవానిదో చెప్పలేము. చెప్పలేకపోవుటయే మా బాధ.

ఇవి పంజాబు, నేపాళ ప్రాంతములవారి సంగతులు గాని తెలుగువారికి వీటితో ఏమి పొత్తు అని కొందరి అభిప్రాయము. అది సరికాదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారు మద్రాసునుండి బంగాళమునకు తీసికొనిపోయిన సిపాయిలలో మనవారుండుటచేత, ఉత్తరదేశమున సిపాయికే "తిలంగా" అను మాట వాడుకైనది. ఊరు పేరు ఉద్యోగమునకు పేరగుట చిన్న విషయము కాదు. 1852లో పెగూ యుద్ధమునందును, 1885 మొదలుకొని జరిగిన బర్మా దండయాత్రలయందును మద్రాసు పటాలములు పాల్గొన్నవి. 1854లో ఏర్పరచిన ఇండియా జనరల్ సర్వీసు పతకమునకు "పెగూ" అనియు, "బర్మా 1885–7" అనియు వ్రాసిన వెండిపట్టీలు తగిలించి ఇచ్చిరి. ఇట్టి పట్టీ గల పతకము మన వైపు సంతలో కనబడినచో రెండవమారు చూడకుండ వదలరాదు. ఆ పిమ్మట యుద్ధజాతులనియు, కానిజాతులనియు ఒక విపరీత వాదము సైన్యమున ప్రబలి, మద్రాసు పటాలములు తగ్గుచు వచ్చి, తుదకు 1928 నాటికి కాలిబంట్ల పటాలము పూర్తిగా రద్దయినది. 1941లో, అవసరము ముంచుకొని వచ్చినపుడు, మరల లేవదీసిరి. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమును నేటికిని జనులు మిలటరీ మాధవరమనియే పిలుతురు. ఆ వాదమునకు ఆ ఒక్క ఊరు చాలును జవాబు.

ఇక అంచును చదువు విధము. ఇందు కొంత అభ్యాసము కావలెను. ఎస్.ఇ.పి. అనగా సిపాయి. ఎన్.కె. అనగా నాయకు. హెచ్.ఎ.వి. అన్నచో హవల్దారు. ఎస్.పి.ఆర్. అన్నచో సాపరు, అనగా కందకములు త్రవ్వి వంతెనలు కట్టు ఇంజనీరు పటాలమువాడు. బెంగుళూరులో ఉండిన క్వీన్ విక్టోరియా వారి రెండవ సాపర్ల పటాలమున తెలుగువారును అరవలును కలిసి పనిచేసిరి. డి.వి.ఆర్. అని ఉన్నచో డ్రైవరు. మోటారు నడిపినవాడనుకొని మురిసిపోరాదు; ఆనాటి డ్రైవరు చాలవరకు కంచరగాడిదలను తోలినవాడే. పేర్ల విషయమున మరియొక చిక్కున్నది. మన పేరును తెల్ల గుమాస్తాయో, అరవ గుమాస్తాయో చెవికి వినబడినట్లు వ్రాసినాడు. వెంకటస్వామి అను ఒక్క పేరు నాలుగు పతకములమీద నాలుగు విధములుగా నుండవచ్చును. ఇంటిపేరు సాధారణముగా ఉండనే ఉండదు. కావున పేరుకంటె సంఖ్యయే ముఖ్యము. పేరు తప్పవచ్చును గాని పటాలమున ఆ సంఖ్య అతనిదే.

హైదరాబాదువారికి ఒక హెచ్చరిక. "19వ హైదరాబాదు రెజిమెంటు" అని వ్రాసిన బొత్తాములు, టోపీబిళ్ళలు, పతకములు సంతలో కనబడును. నిజాము సైన్యపు వస్తువులని చెప్పి వ్యాపారులు వెల పెంతురు. అది పొరపాటు. నిజాము ధనముతో, ఇంగ్లీషు అధికారుల క్రింద నడచిన హైదరాబాదు కంటింజెంటు అను సేన ఒకటుండెను. అందలి సిపాయిలు చాలవరకు ఉత్తరదేశీయులు. దాని వారసులకే 1922లో ఆ పేరు వచ్చినది. 1945 అక్టోబరులో కుమాయూను రెజిమెంటని మారినది. కావున ఆ బొత్తాము ధరించినవాడు చార్మినారును ఎన్నడును చూచి యుండకపోవచ్చును. నిజాముగారి సొంత అశ్వదళము వేరు. మొదటి ప్రపంచయుద్ధమున అది మైసూరు, జోధ్‌పూరు దళములతో కలిసి సూయెజు ప్రాంతమునను పాలస్తీనాలోను పనిచేసినది. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి విగ్రహములు మూడును ఆ మూడు సంస్థానముల రౌతులవే.

మొదటి యుద్ధమునకే సంబంధించిన మరియొక పతకము విజయపతకము. పసుపువన్నె కంచు, రెక్కలు గల జయలక్ష్మి బొమ్మ, ఇంద్రధనుస్సు రంగుల నాడా. దీనిని ఎవనికిని ఒంటరిగా ఇయ్యలేదు. ఇది పొందిన ప్రతివానికిని వెండి యుద్ధపతకము గూడ ముట్టియుండును. కాని సంతలలో విజయపతకము ఒంటరిగా దొరకుటయే మామూలు. జంటలో వెండిది ఏమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. అంచున ఒకే సంఖ్య గల రెండు పతకములు దొరకినపుడు వాటిని ఎట్టి పరిస్థితిలోను విడదీయరాదు. లాభమునకై విడదీసి అమ్ము సేకర్తలు కొందరున్నారు. వారిని సేకర్తలనుటకు మాకు మనసొప్పదు.

వెండి సంగతి వచ్చినది గనుక కంచు సంగతియు చెప్పవలెను. యుద్ధపతకములలో సుమారు 1,10,000 మాత్రము కంచుతో చేసిరి. సిపాయికి వెండి, అతనికొరకు రోడ్లు వేసి, మూటలు మోసి, రేవులలో ఓడలు దింపిన కూలిదళమువానికి కంచు. మలేరియా ఇద్దరికిని సమానముగానే వచ్చినది. అయితే కాలము ఈ పక్షపాతమును కొంత సరిదిద్దినది. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకు 50 డాలర్ల దరిదాపునకు ఎగబ్రాకినపుడు దేశదేశముల వెండిపతకములు లెక్కలేనన్ని మూసలలో పడినవి. కంచును ఎవరు కరిగింతురు? నేడు సేకర్తల నడుమ కంచుపతకమునకే ఎక్కువ వెల పలుకుచున్నది. 2025 అక్టోబరులో వెండి ధర 1980 నాటి శిఖరమును గూడ దాటినది. మేము జుమ్మేరాత్ బజారులో చూచినట్టి త్రాసులు ఎన్ని ఊళ్ళలో ఎన్ని పతకములను తూచుచున్నవో తలచుకొన్నచో కొంత కలవరము కలుగక మానదు.

రెండవ ప్రపంచయుద్ధపు వస్తువులకు ఈ ప్రమాదము తక్కువ. ఆరుకోణముల నక్షత్రములు పచ్చని మిశ్రలోహముతోను, ఇండియా సర్వీసు పతకము రాగి, నికెలుల కలయికతోను చేసినవి. ఈ కడపటి దాని వెనుకప్రక్క అవిభక్త భారతదేశపు పటము ముద్రించి యున్నది. దేశము చీలుటకు ముందటి ఏడు, 1946లో, దీనిని ఏర్పరచిరనునది గమనింపదగినది. అయితే ఆ యుద్ధపు పతకములలో అంచున పేరు లేనివి తరచు చూచితిమి. పేరు లేనిదానికి ఇల్లు వెదకుట కష్టము.

నకిలీల బెడదను గూర్చి కొంత చెప్పవలెను. అసలు పతకము అచ్చుతో కొట్టినది. నకిలీ సాధారణముగా మూసలో పోసినది. పోతపోసిన లోహము చల్లారునపుడు ముడుచుకొనును గనుక నకిలీ వెండ్రుకవాసి చిన్నదగును. చక్రవర్తి మీసపు వెండ్రుకలు విడివిడిగా కనబడక ముద్దగా నుండును. అంచున ఆకురాయి పెట్టిన గీతలుండును. ఇంకొక మోసమున్నది. అసలు పతకమునే తీసికొని, అనామకుని పేరు రాచివేసి, ప్రసిద్ధ పటాలముతో మరియొక పేరు చెక్కింతురు. అప్పుడును అడ్డుకొలత 36 మిల్లీమీటర్లకు తగ్గును. అందుచేత జేబులో ఒక కొలబద్ద, ఒక భూతద్దము ఉంచుకొనుట మంచిది. బొత్తాములకు, టోపీబిళ్ళలకు కిరీటమే పంచాంగము. గుండ్రని కమానుల కిరీటము 1902 తరువాతి రాజులనాటిది. అశోకుని సింహములున్నచో మన గణతంత్రము వచ్చిన తరువాతిది. ఇక ఇత్తడి దిక్సూచులు, దుర్భిణీలు. లండను కంపెనీ పేరు, నూరేండ్లనాటి సంవత్సరము చెక్కి తళతళలాడుచుండును. వీటిలో అధికభాగము మొరాదాబాదు, రూర్కీ పట్టణములలో అలంకారార్థము తయారైనవే. మేమును ఒకటి కొన్నవారమే. అది ఉత్తరము చూపుట మానివేసి చాలకాలమైనది. కాగితములు ఎగిరిపోకుండ బరువుగా ఉంచుకొన్నాము.

సంతలో వ్యాపారితో మాటలాడు తీరు ఒక విద్య. మనము అంచును చదువుట చూచినంతనే అతని కన్ను మారును, వెల మారును. అందుకని దొంగచాటుగా చదువుమని కొందరు చెప్పుదురు. మా మార్గము వేరు. న్యాయమైన వెలకు నాలుగు రూపాయలెక్కువ ఇచ్చి, "ఇది ఎక్కడినుండి వచ్చినది? ఏ ఊరి ఇల్లు ఖాళీ చేసినపుడు దొరకినది?" అని అడుగుదుము. అంచుమీద అన్నియు ఉండును గాని ఊరు ఉండదు. సిపాయి సైన్యమునుండి విడుదలైనపుడు ఇచ్చిన కాగితములో తండ్రిపేరు, గ్రామము, తాలూకా వ్రాసి యుండును. ఇల్లు ఖాళీ చేయువారు పతకమును వెండివానికి, కాగితమును చిత్తుకాగితములవానికి అమ్ముదురు. ఆ రెండును కలిసి యున్నచో ఒక మనుష్యుని చరిత్ర; విడిపోయినచో కొంచెము వెండి, కొంచెము చెత్త. వ్యాపారి నోట వచ్చిన ఊరిపేరునైనను తారీఖుతో సహా ఒక చీటిమీద వ్రాసి పతకముతో ఉంచవలెను. అమెరికాలో ఇంటిముందరి పెరటిలోనే పాతసామాను పెట్టి అమ్ము ఆచారమున్నదని మన పిల్లలు అక్కడినుండి చెప్పుచుందురు. అట్టిచోట అమ్మునది ఆ ఇంటివారే గనుక ఈ ప్రశ్నకు సులభముగా జవాబు దొరకును. మన సంతలో వస్తువు నాలుగు చేతులు మారి వచ్చును. ఆలస్యమైనకొలది జవాబు దూరమగును.

ఇంటికి తెచ్చిన పిదప మొదటి కీడు మన వంటయింటినుండియే వచ్చును. నల్లబడిన వెండిని చూచి గృహిణులు ఊరకుండలేరు. చింతపండు, ముగ్గుపిండి, పండ్లపొడి, చేతికేది దొరకిన అది తీసికొని రుద్దుదురు. మొదటి తోముడునకు మెరుపు వచ్చును. పదవ తోముడునకు అక్షరములు పోవును. ఆ నలుపు వెండికి హాని చేయదు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. రబ్బరు పట్టీ చుట్టరాదు; అది వెండిని మరింత నల్లబరచును. నూలుగుడ్డలో చుట్టి పొడిచోట ఉంచవలెను. నాడా చిరిగినను పారవేయక దానితోనే ఉంచవలెను. కంసాలిచేత వెనుక కొక్కెము అతికించి మెడలో వేసికొనుటయు మన యిండ్లలో జరిగినదే. అట్టిది దొరకినచో ఆ కొక్కెమును ఊడబీకరాదు. అదియు దాని చరిత్రలో ఒక భాగమైనది.

చట్టము సంగతి క్లుప్తముగా. తుపాకి ఎంత తుప్పుపట్టినను, దానిని లైసెన్సు లేక కొనుట 1959 నాటి ఆయుధముల చట్టమునకు విరుద్ధము. కత్తులు, బాయొనెట్ల విషయమునను ముందు విచారించుకొనవలెను. తూటాలు, ఫిరంగిగుండ్లు పాత ఇనుముతో కలిసి కనబడినపుడు చేత ముట్టరాదు. ప్రేలనిదానికి వయసుతో నిమిత్తము లేదు. వెంటనే పోలీసువారికి తెలుపవలెను. ఇక నూరేండ్లు నిండిన చారిత్రకవస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టము వర్తించును. వాటిని వ్యక్తులు దేశము దాటింపరాదు. 1914–18 పతకములు ఇప్పుడు ఆ వయసునకు వచ్చినవి. తాతగారి పతకమును దూరదేశముననున్న మనుమనికి కానుక పంపదలచువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. మన స్వతంత్రదేశపు పతకములు, 1947–48 కాశ్మీరు యుద్ధమునాటివి గాని, 1965 నాటివి గాని, అంచున పేరుతో సంతలో కనబడినచో మా సలహా ఒక్కటే. కొన్నవారు దాచుకొనక ఆ పటాలపు కేంద్రమునకు వ్రాయవలెను. ఆ ఇంటివారు ఇంకను ఎక్కడనో ఉందురు. కష్టకాలమున అమ్ముకొని యుందురు, లేదా దొంగలు ఎత్తుకొనిపోయి యుందురు.

ఈ విషయమును ఇంతకుముందు ఒక కార్యక్రమమున కొంచెముగా ప్రస్తావించితిమి. ఆ తరువాత విశాఖ ప్రాంతమునుండి ఒక వృద్ధురాలు ఫోను చేసినది. తమ యింట చిరకాలముగా ఒక గోధుమవన్నె బిళ్ళ ఉన్నదనియు, దానిపై గుఱ్ఱపు బొమ్మ కొంచెముగా తెలియుచున్నదనియు, తలమీద కమ్మి విరిగిపోయినదనియు చెప్పినది. "మేమూ దాంతోనే తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాం బాబూ, ఇప్పుడు మనవరాళ్ళు ఆడుతున్నారు. బరువుగా ఉంటుంది, గీత దాటి పోదు" అన్నది. అంచు చూడుమంటిమి. ఇంటర్మీడియెటు చదువుచున్న మనుమని పిలిచి ఫోను ఇచ్చినది. అతడు ఒక్కొక్క అక్షరమే చదువగా మేము వ్రాసికొంటిమి. సంఖ్య నిలిచి యున్నది. పేరు సగము అరిగినది. తుదను లేబరు కోరు అని తెలిసినది. మీ తాతలలో సైన్యపు కూలిదళమునకు పోయినవారెవరని అడిగితిమి. ఎవరును లేరన్నది. కొంతసేపటికి ఆమెయే, "మా తాతగారిని ఊళ్ళో బస్రా తాత అనేవాళ్ళు బాబూ. ఎప్పుడో బాసర సరస్వతమ్మ దర్శనానికి వెళ్ళొచ్చాడేమో, అందుకని అంటున్నారనుకునేవాళ్ళం" అన్నది.

బస్రా ఎక్కడిదో చెప్పితిమి. అటువైపు చాలసేపు మాట లేదు. మరునాడు మనుమడు బిళ్ళ రెండు ప్రక్కలను ఫోటో తీసి పంపినాడు. చక్రవర్తి ముఖము పూర్తిగా అరిగిపోయినది. అంచు మాత్రము, నేలకు తగులనిది గనుక, కొంత నయము. బిళ్ళను బీరువాలో పెట్టినామనియు, పిల్లలకు పెంకుముక్క ఇచ్చినామనియు, అది గీత దాటి పోవుచున్నదని వారు పేచీ పెట్టుచున్నారనియు వ్రాసినాడు.